ఆ మంగళవారపు గాలి

ప్రియమైన చెల్లాయికి,

ఫోన్లో చెబితే మీ వదిన వింటుంది. అందుకే కాగితం పట్టాను.

మంగళవారం మధ్యాహ్నం ఉరుములతో వాన పడింది. అరగంట తిరక్కుండా నేను మేనేజరుగా ఉన్న ఎరువు యార్డు పక్క బడిలో ముప్పైమంది పిల్లలకు ఊపిరాడలేదు. అందులో మన పిచ్చుక ఒకతి. నా కూతురి పెదాలు నీలంగా మారడం కళ్ళారా చూశాను. ఇప్పుడు గండం గడిచింది. ఆసుపత్రిలో నర్సులతో పేచీలు పెడుతోంది.

ఆ ఉదయం బూజుపట్టిన ఆకుల కుప్ప తిరగేయించింది నేనే. తెల్లగా పొగలా లేచింది. "వాన రాకముందే కానివ్వండి" అని తొందరపెట్టాను కూడా. ఊరంతా యార్డునే వేలెత్తి చూపుతోంది. కాదనడానికి నాకు నోరేదీ?

సోమవారం విచారణ. మీ ల్యాబులో గాలిని పరీక్షించే ఆ లేజర్ మంగళవారం ఇటు చూసి ఉంటే ఉన్నదున్నట్టు చెప్పు. నన్ను కాపాడొద్దు.

నీ అన్నయ్య

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

చూసింది. మా మేడ మీది లేజర్ పావుగంటకోసారి మీ వైపు గాలిని తడుముతుంది. ఆ కిరణం తగిలితే మట్టిధూళి దాదాపుగా మెరవదు. బూజు, పుప్పొడి మాత్రం మెరుస్తాయి. మెరుపు రంగును బట్టి అదేమిటో, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

కానీ ఆ రోజు ఫైలు నేను తెరవలేదు. అన్న కోసం మార్చిందన్న మాట రాకూడదని మా ల్యాబు పెద్దాయనకు అప్పగించాను. "అక్కడి మేనేజరు మా అన్నయ్యండీ" అన్నాను. "ఎవరి అన్నయితే నాకేంటమ్మా" అన్నారు.

కుప్ప సంగతి చదివాక నాకూ భయంగానే ఉంది. ఏం తేలినా నీ పక్కనే ఉంటాను.

నీ చెల్లి

చెల్లాయ్,

రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. పిచ్చుక ఇంటికొచ్చింది. "నాన్నా, నీ కుప్పలే చేశాయా?" అంది. "తెలీదమ్మా" అన్నాను. నా చెయ్యి పట్టుకుని పడుకుంది.

అన్నయ్య

బంగారు చెల్లాయికి,

మీ పెద్దాయన విచారణలో మాట్లాడింది పదే నిమిషాలు. మా కుప్ప నుంచి బూజు లేచిన మాట నిజమేనన్నారు. జేబులోని రాజీనామా తడిమి చూసుకున్నాను. అయితే గాలి దాన్ని తూర్పుకు, బడికి ఎదురు దిక్కుకు తీసుకెళ్ళిందట. పదిన్నరకల్లా చెదిరిపోయిందట.

ఒంటిగంటన్నరకు ఏటవతలి గడ్డిమైదానం నుంచి లేజర్‌కు వేరే రంగులో మెరిసే మేఘం లేచింది. గడ్డి పుప్పొడి. ఉరుములవాన గాలి దాన్ని ఈడ్చుకొచ్చి బడి మీద కుమ్మరించింది. తేమకి ఆ రేణువులు పగిలి, నలకల్లో నలకలై, పిల్లల ఊపిరితిత్తుల్లోకి దిగిపోయాయి. బడి కప్పు మీది దుమ్ములోనూ పుప్పొడే దొరికింది. ఊరికి ఆ చివర కుట్టుమిషన్ల షెడ్డులో పదకొండుమంది ఆయాసపడ్డారని కూడా అప్పుడే బయటపడింది. అక్కడికి మా యార్డు గాలి పోనేలేదు.

నేను వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాను. యార్డు మూయించమని అర్జీ పెట్టిన హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. "పిల్లల్ని చూసి కంగారుపడ్డానండీ" అన్నారు. "నేనూ పడ్డాను మేడమ్" అన్నాను.

అలాంటి మేఘం కనబడితే బడికి ముందే ఫోన్ చేస్తామని మీవాళ్ళు మాటిచ్చారుగా? నిన్న చేశారు. పిల్లల్ని లోపలికి పంపి కిటికీలన్నీ మూసేశారు. గంటసేపు వాన దంచింది. నేను తడుస్తూ బడి గేటు దగ్గరే నిలబడ్డాను. లోపల్నుంచి ఎక్కాలు వినబడుతున్నాయి. పదమూడో ఎక్కం దగ్గర అందరూ ఒక్కసారే తప్పారు. మళ్ళీ గొంతెత్తి మొదలుపెట్టారు. ఒక్క దగ్గు కూడా లేదు.

నీ అన్నయ్య