ఇత్తడి పలక ఎందుకు ఆగింది

జూన్ 14, ఆదివారం

అన్నయ్యకి,

నీ చెల్లెలు నమస్కారాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, వదినా, నీ షాపుకి బాగుకొచ్చిన నీళ్ల పంపులూ అన్నీ క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నొసలు చిట్లిస్తావని తెలుసు. ఫోనులో నేను రేసు ట్రాక్ మాట ఎత్తానో లేదో, నీ షాపుకి ఎవరో ఒకరు వచ్చేస్తారు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేయలేవు. మడిచి జేబులో పెట్టుకున్నా మళ్లీ తీసి చదవాల్సిందే.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నువ్వొకసారి ట్రాక్‌కి రావాలి. పంతొమ్మిదేళ్లయింది నువ్వా గేటు దాటి వెళ్లి. నిన్ను రప్పించాలనే ఇదంతా రాస్తున్నాను.

నిన్న మన సినిమా హీరోగారి పుట్టినరోజు. ఆయన పోయి ఆరేళ్లయినా అభిమానులు ఈ రోజున ట్రాక్ దగ్గర చేరడం మానలేదు. ఈసారి నలభైమంది దాకా వచ్చారు. అభిమాన సంఘం ప్రెసిడెంటు మన మీసాల టైలరు నీకు గుర్తుండే ఉంటాడు, మరిచిపోయే పరిచయం కాదుగా. మీసం తెల్లబడింది, గొంతు మాత్రం అదే. సినిమా హాల్లో టికెట్లిచ్చే అక్క తన కథ మళ్లీ చెప్పింది. ఒకసారి ఆయన తన సినిమా తానే చూడాలని టోపీ పెట్టుకుని లైన్లో నిలబడ్డారట. ఈవిడ తలెత్తకుండానే హౌస్‌ఫుల్ అని పంపించేసిందట. మొదట్లో ఆయన ముందు నలుగురున్నారనేది. నిన్నటికి లైను వీధి చివరిదాకా వెళ్లింది. ఎవరమూ కాదనలేదు. ఆయన సినిమాకని పరీక్ష ఎగ్గొట్టిన పళ్ల డాక్టరు, ఆ ఏడు పోయినందుకు ఇప్పటికీ బాధ లేదన్నాడు. పేషెంట్లకి ఈ మాట చెప్పకు నాయనా అని అందరూ నవ్వారు.

ఆయన ఎర్ర రేసు బండిని ఎప్పటిలాగే బయటికి తీశారు. స్టార్టవదే! ఒకడు చోక్ లాగమంటాడు, ఒకడు నెట్టమంటాడు. తలో చెయ్యీ వేసి దాన్ని ఇంకా మొండి చేశారు. నువ్వు చేసేవాడివే, చోక్ సగం లాగి, పది లెక్కపెట్టి, కాస్త తిట్టి, అప్పుడు తాళం తిప్పడం. అలాగే చేశాను. తిట్టు కూడా నీదే. ఒక్కసారి దగ్గి లేచింది. ఆ చప్పుడు వింటే నాకు నువ్వే గుర్తొచ్చావు అన్నయ్యా, ఆయన కాదు. ఈ మాట వాళ్లెవరికీ చెప్పకు.

నువ్వు ట్రాక్ వదిలి వెళ్లిన ఆ రోజు సంగతి నీకు తెలిసిందే అయినా నేనెప్పుడూ నోరు విప్పి మాట్లాడలేదు. ఇప్పుడు రాయనీ. ఆయన మెకానిక్‌వి కాబట్టి పొద్దున ఇంజను చూసుకోవడానికి ఒక చుట్టు నువ్వే నడిపావు. ఒక నిమిషం నలభై సెకన్లు. ట్రాక్‌లో టైము రాసే ఉద్యోగం నాదే కదా, మెకానిక్కులు తిప్పినవి లెక్కలోకి రావు కాబట్టి టైము పుస్తకంలో పెన్సిలుతో రాశాను. మధ్యాహ్నం ఆయన నడిపారు. నా స్టాప్‌వాచ్ ఒక నిమిషం ముప్పై ఎనిమిది చూపించింది. ట్రాక్ రికార్డు! అభిమానులు ఈలలు, గంతులు. ఎప్పుడూ ఐదో స్థానమో ఆరో స్థానమో వచ్చే మనిషాయె, వాళ్ల సంబరం వాళ్లది. నువ్వు మాత్రం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నేను బిగించిన ఇంజను నలభైకి తక్కువ తిరగదు, వాచీయే తప్పన్నావు. కుళ్లుబోతు అన్నారు నిన్ను. టైలరు నీ చొక్కా పట్టుకుంటే జేబు ఊడి అతని చేతిలోకి వచ్చింది. అంత గొడవలోనూ నువ్వు నావైపు తిరిగి, వాచీ సరిగ్గానే పట్టావా అమ్మాయ్ అనడిగావు. పట్టానన్నాను. నువ్వు పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్లిపోయావు.

ఆ తర్వాత నాకు అన్నగా నువ్వు ఏ లోటూ చెయ్యలేదు. మా అమ్మాయి పెళ్లికి రెండ్రోజుల ముందే వచ్చి ఇంట్లో మోటారు బాగుచేశావు, గేటు కిర్రుమంటుంటే నూనె వేశావు. ట్రాక్ మాట మాత్రం నీ నోట రాలేదు. నేనూ ఎత్తలేదు. మనిద్దరం ఇన్నేళ్లూ మోటార్ల గురించే మాట్లాడుకున్నాం.

ఇక కొత్త విషయం. టైము గది గోడకున్న చెక్క బోర్డు మీద ఏటా రంగు వేయించే ఆ ముప్పై ఎనిమిదిని ఈసారి ఇత్తడి పలక మీద చెక్కించారు. రంగయితే చెరిపెయ్యొచ్చు, ఇత్తడి మనవల కాలం దాకా ఉంటుంది. చెక్కేముందు ఆ పనివాడు నాకు ఫోన్ చేసి, అంకె ఒకసారి పుస్తకం చూసి చదవమన్నాడు. చదివాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నిన్న పలక బిగించబోయే ముందు టికెట్ల అక్క పాత పత్రికలో ఆయన మాటలు చదివి వినిపించింది. మీరు తిప్పిన వాటిలో అన్నిటికన్నా వేగమైన చుట్టు ఏదని అడిగితే, ఆ విషయం నా మెకానిక్‌నే అడగండి అన్నారట. ఎంత వినయం, ఎంత వినయం అని అందరూ కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది.

పలక బిగించలేదు, ఆగింది. ఎందుకాగిందో నువ్వు వచ్చాక చెబుతాను. వచ్చే ఆదివారం వీలు చేసుకో. వదినని కూడా తీసుకురా, ఇక్కడ నాకు కాస్త వెన్నుదన్ను కావాలి.

ఉంటాను,
నీ చెల్లెలు

తా.క. కవరు అంటించి మళ్లీ చించాను. ఇది రాయకుండా పంపితే నేను మనిషినే కాదు.

ఆ రోజు నేను వాచీ సరిగ్గా పట్టలేదన్నయ్యా. చుట్టు మొదలుపెట్టడానికి ఆయన గీత దగ్గరికి వస్తూ మా గది వైపు చూసి చెయ్యి ఊపారు. నాకే ఊపారనుకుని ఒళ్లు మరిచి నేనూ చెయ్యి పైకెత్తి ఊపాను. వాచీ ఉన్నది ఆ చేతిలోనే. బండి గీత దాటిపోయాక గానీ బొత్తాం నొక్కి వాచీ మొదలుపెట్టలేదు. రెండు సెకన్లు పోయాయో, నాలుగు పోయాయో నాకూ తెలియదు. మొదట ఉద్యోగం పోతుందని చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నువ్వడుగుతావని చెప్పలేదు. నా వెర్రి అభిమానానికి నిన్ను అబద్ధాలకోరుని చేశాను.

ఆయనకి తెలుసు. సాయంత్రం పుస్తకంలో సంతకం పెట్టడానికి వచ్చి, పెన్సిలుతో రాసిన నీ నలభైనీ, సిరాతో రాసిన తన ముప్పై ఎనిమిదినీ చూశారు. "మీ వాచీ కూడా నా అభిమానిలా ఉందే" అని నవ్వారు. పెన్ను తెరవకుండానే వెళ్లిపోయారు. ఆ పేజీలో సంతకం లేదు. నన్ను పట్టివ్వలేదు, ఆ అంకెని తనదనీ అనుకోలేదు.

నిన్న అక్క ఆ వాక్యం చదవగానే లేచి అందరి ముందూ ఇదంతా చెప్పేశాను. పళ్ల డాక్టరు బిస్కెట్టు టీలో పడిపోయింది, తియ్యలేదు కూడా. మరి ఆయన అసలు టైమెంత అని ఎవరో అడిగారు. ఎవరికీ తెలియదు, ఆ బండి మీద ఆ రోజు నేను సరిగ్గా పట్టింది మా అన్నయ్య తిప్పిన చుట్టొకటే అన్నాను. టైలరు మీసం మీద చెయ్యి వేసి నా దగ్గరికి వచ్చాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. చివరికి, "హీరోగారు ఎంతసేపట్లో తిరిగారో తెలియకపోతేనేం, తిరగడం మనం చూశాం కదా" అన్నాడు. పలకని వెనక్కి తిప్పి, ఈ పక్కన మళ్లీ చెక్కమన్నాడు. హీరోగారు ప్రేమగా నడిపిన బండి అని పైన, ఒక నిమిషం నలభై సెకన్లు అని మధ్యలో, కింద నీ పేరు.

నాలుగు బోల్టులూ నువ్వొచ్చి బిగిస్తేనే బిగింపట. రమ్మని పిలిచే ముఖం తనకి లేదని, నన్ను రాయమన్నాడు. నీకు చొక్కా కుడతాడట. మెడ, ఛాతీ, చేతుల పొడవు రాసి పంపు. జేబు కొలత మాత్రం అక్కర్లేదట, ఆ రోజు ఊడొచ్చిన ముక్క ఇన్నేళ్లూ అతని దారప్పెట్టెలోనే ఉంది.