తెగులు పట్టిన నాణెం

శ్రీమతికి, ప్రేమతో మీ ఆయన రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసా. మీ అక్కయ్య కాలికి కట్టు విప్పారనీ, గోడ పట్టుకుని నడుస్తోందనీ చదివి ప్రాణం కుదుటపడింది. నువ్వడిగావు కదా, బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. అమ్మాయి లెక్కల్లో ఎలాగో గట్టెక్కింది. వంటింటి కుళాయిని నేనే బాగుచేశాను. ఇప్పుడు ఇంకాస్త ఎక్కువ కారుతోంది.

నాణేల బీరువా సంగతి మళ్లీ అడిగావు. పోయిన ఉత్తరంలో మాట దాటేశాను. ఇప్పుడు చెబుతున్నాను, కూర్చుని చదువు.

నీ గ్రీకు దీవుల కంచు నాణేల్లో గులాబీ బొమ్మదానికి తెగులు పట్టి లేతాకుపచ్చ పొడి రాలుతోందని, దాన్ని డబ్బాలో విడిగా పెట్టావు. "మిగతావాటితో కలపకండి, చెమ్మ తగలనివ్వకండి" అని గడప దాటుతూ కూడా చెప్పావు. ప్రదర్శనకు నాణేలు ఎంచడానికి మ్యూజియం ఆఫీసరు వస్తున్నారంటే, సొరుగులో ఆ ఖాళీ గడి బోసిగా కనిపించింది. నాణేన్ని తడిగుడ్డతో తుడిచి, దాని దీవి నాణేల పక్కనే పెట్టేశాను. ఇంతలో ముసురు పట్టి ఆయన రాక వాయిదా పడింది. తీరా ఆయన వచ్చి సొరుగు లాగితే, ఆ వరసంతా పొడి రాలుతోంది. ఒక్కో దీవి నాణెం కోసం నువ్వు ఎంతమందిని బతిమాలావో నాకు తెలుసు. ఏడుపొచ్చింది.

ఇంతవరకే అయితే నువ్వు నాలుగు తిట్టి ఊరుకునేదానివి. "మీ ఆవిడకు తెలిసిన పనే అనుకున్నాను. ఇంత నిర్లక్ష్యమా?" అన్నారాయన. తుడిచి అక్కడ పెట్టింది నేనేనని చెప్పలేదు. పైపెచ్చు టీ ఇచ్చి, గుమ్మం దాకా సాగనంపాను. ప్రదర్శనలోంచి నీ పేరు తీసేశారు. ఏమీ తెలియని మొగుడిలా కనిపించడానికి నామోషీ పడి, అన్నీ తెలిసిన నీ పరువు తీశాను.

సిగ్గు చంపుకుని ఈ ఉదయం వెళ్లి ఆయనకు నిజం చెప్పాను. ఆయన వింతగా చూశారు.

"పేరు తీసేశామని మేం రాస్తే, మీ ఆవిడ పోయిన వారమే ఫోన్ చేశారు కదండీ! తెగులు నాణేన్ని తనే వేరుచేయడం మరిచిపోయానన్నారు. మిమ్మల్ని ఏమీ అనొద్దని మరీ మరీ చెప్పారు."

నీ ఉత్తరం వచ్చింది నిన్న, రాసింది ఆ ఫోన్ తర్వాతే. అంటే, అంతా తెలిసే "బీరువా ఎలా ఉంది?" అని అడిగావన్నమాట.

ఇట్లు,
నువ్వు వెనకేసుకొచ్చిన
మీ ఆయన