దొరికిన మనిషికి బదిలీ ఉండదు

సెంటినరీ కాలనీ,
4 జూన్ 2012

మందుల కేంద్రం రికార్డు క్లర్కు లింగమూర్తి గారికి, నమస్తే.

నా భార్య హన్నా శుక్రవారం పోయింది. పొద్దున రెండు చెంచాల గంజి తాగింది. పదింటికి దుప్పటి తీసెయ్యమంది. మధ్యాహ్నం రెండింటికి ఊపిరి ఆగింది.

గని మారి నది ఇవతలికి వచ్చాక మా ఇద్దరి హెచ్‌ఐవి మందులూ ఆగాయి. ఇక్కడి కేంద్రం మీ బదిలీ కాగితం అడిగింది. మీరేమో ఇక్కడ చేరినట్టు రాయించుకు రమ్మన్నారు. అట్లా మూడు నెలలు గడిచాయి. ఆమెకు టీబీ తిరగబెట్టింది. నేను మిగిలాను.

ఇక్కడి డాక్టరమ్మ జాలిపడి నాకు పదిహేను రోజుల మందులిచ్చింది. ఆ పైన కాగితం ఉంటేనే. పంపండి.

ఇట్లు,
జాన్ ప్రసాద్, గని ల్యాంపు రూం క్లర్కు

తా.క.: హన్నా కాగితం అక్కర్లేదు.

*

7 జూన్

జాన్ ప్రసాద్ అన్నకు శనార్థులు.

అక్క సంగతి చదివి నాకు బువ్వ సయించలే. కానీ మీ పేరు 'తప్పిపోయినోళ్ల' లిస్టుల ఎక్కింది. మూడు నెలలు రాకుంటే ఎక్కుతది, నా చేతుల లేదు. తప్పిపోయిన మనిషికి బదిలీ కాగితం ఎట్ల రాస్త? ముందుగాల మీరు దొరకాలె. ఫికర్ చెయ్యకుండ్రి, దేవులాడనీకి మనిషిని పంపుతున్న.

మీ తమ్ముడు,
లింగమూర్తి

తా.క.: మీరు ఎక్కడున్నరో ఎరుకైతే జర రాయుండ్రి.

*

9 జూన్

లింగమూర్తి గారికి,

మీ ఉత్తరం నాకు అందింది. అంటే నేను దొరికాను.

మా గనిలో దిగే ప్రతి మనిషికీ ల్యాంపు రూం కిటికీలోంచి దీపంతో పాటు ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తాం. షిఫ్టు అయ్యాక ఒక్క బిళ్ళ తిరిగి రాకపోయినా మేం లిస్టు రాసి ఊరుకోం. దిగి వెతుకుతాం. మీ దగ్గర ఇద్దరు మూడు నెలలు కనబడలేదు. ఎవరైనా కుర్చీలోంచి లేచారా?

పది రోజుల మందులున్నాయి.

జాన్ ప్రసాద్

తా.క.: నా చిరునామా ఈ ఉత్తరం మీద ఉంది. మొదటి ఉత్తరం మీద ఉంది. మీరు మీ చేత్తో రాసిన కవరు మీద కూడా ఉంది.

*

13 జూన్

అన్నా, శుభవార్త! మీరు దొరికిండ్రు.

మావోడు మీ పాత క్వార్టరుకు పోయిండు. సామ్యేల్ అనే ఆయన (సంతకం చూసినంక పేరు ఎరుకైంది) తలుపు తీసిండు. రూలు ప్రకారం రోగం పేరు ఎత్తలే. "గోళీలు మింగుతున్నవా?" అంటే "రోజూ మింగుతున్న, బీపీకి" అన్నడట. మావోడు మీరే అనుకొని మీ గోళీల చీటీ ఇచ్చి, సంతకం తీసుకొచ్చిండు.

ఇప్పుడు రికార్డుల మీరు పాత క్వార్టర్లనే ఉన్నరు. ఉన్నకాడనే ఉన్న మనిషికి బదిలీ ఎందుకన్నా?

లింగమూర్తి

తా.క.: చాయ మంచిగ పోసిండ్రట. మావోడు యాది చేస్తున్నడు.

*

15 జూన్

లింగమూర్తి గారికి,

నాలుగు రోజుల మందులున్నాయి.

మీవాడిచ్చిన చీటీ మీద నా పేరు చూసి సామ్యేల్ గనిలో అడిగి నిన్న మా ఇంటికొచ్చాడు. "ఏందన్నా, నీ గోళీలకు నా సంతకమేంది?" అని గద్దించాడు. ఇన్నేళ్లు హన్నాతో తప్ప పలకని జబ్బు పేరు అతనితో చెప్పాను. "నేను నువ్వు గాదని నేనొచ్చి చెప్త. జల్ది పోదం" అన్నాడు.

ఒకసారి చెప్పాక రెండోసారి కష్టం కాలేదు. ఇవాళ ల్యాంపు రూం కిటికీలోంచి షిఫ్టు మొత్తానికి చెప్పాను. కొందరు వెనక్కి జరిగారు. తర్వాత ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. వాళ్ల కాగితాలూ మీ దగ్గరే ఆగాయి.

రేపు పొద్దున ఆరున్నర బస్సుకు ఐదుగురం వస్తున్నాం. నా పేరూ జబ్బు పేరూ మీ వరండా అంతా వినేట్టు చెబుతాను. నాలుగు కాగితాలు చేతికొచ్చేదాకా మీ బల్ల ముందు నుంచి కదలను.

జాన్ ప్రసాద్

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు. రేపు పొద్దున నేనే మీ చేతికిచ్చి, చదివేదాకా పక్కనే నిలబడతాను.