ఎదురు కుర్చీ ఖాళీగా ఉంచవలెను

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా పనిచేసి రిటైరైన నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. అచ్చుతప్పు కంటబడితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా మతి స్థిమితానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1. నేనుంటున్న రెండు గదుల వాటా, సామానుతో సహా, నా తదనంతరం మేనకోడలికి సర్వహక్కులతో చెందవలెను. నాకు అచ్చుతప్పుల అత్తయ్య అని పేరు పెట్టింది అదే. పెళ్లి శుభలేఖ దిద్ది తిప్పి పంపానని అలిగింది. అలక తీరకపోయినా వాటా దానిదే.

2. గోడ గడియారం తమ్ముడికి. ఎప్పుడొచ్చినా వాడు నన్నుకాక దాన్నే చూసేవాడు.

3. నా లాటిన్ నిఘంటువు ప్రెస్సులో నా ఎదురుబల్ల ఆయనకు. లాటిన్ నుంచి ఇంగ్లీషులోకొచ్చిన మాటలకు లాటిన్ బహువచనమే ఉండాలని నా పంతం, ఇంగ్లీషుదే చాలని ఆయన పంతం. నేను "ఫార్ములే" అంటే ఆయన "ఫార్ములాస్" అనేవారు. ఒకనాడు అందరిముందూ, "అత్తారింటికొచ్చాక కూడా పుట్టింటిపేరే పెట్టుకు తిరుగుతానంటే కుదురుతుందాండీ?" అన్నారు. ఏ అత్తారింటికీ వెళ్లని నన్ను చూసి గది గదంతా నవ్వింది. మనసు చివుక్కుమంది. ఆనాటితో ఆయనతో మాటలు మానేశాను.

అయితే మా పనిలో ఒకరు మూలప్రతిని కామాలతో సహా పైకి చదవాలి, ఎదుటివారు ప్రూఫు దిద్దాలి. అందుచేత మాటల్లేకపోయినా రోజంతా ఆయన గొంతు వింటూనే ఉన్నాను. ఫార్ములా బహువచనం వచ్చినచోట ఆయన తన పద్ధతిలో చదివేవారు, నేను నా పద్ధతిలో దిద్దేదాన్ని. రిటైరయ్యాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. రేడియో కొన్నాను. అది కామాలు చదవదు.

4. ఈ వీలునామా అమలు బాధ్యత ఆయనకే అప్పగిస్తున్నాను. నా వంటగది బల్ల దగ్గర కూర్చుని, కామాలతో సహా, దీన్ని పైకి చదవవలెను. "ఫార్ములే" అని రాసినచోట తనకు నచ్చినట్టే పలకవచ్చు. ఎదురు కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోరాదు.

5. ఒక ప్రతిని ప్రూఫు కోసం ఆయనకు ఇప్పుడే పంపుతున్నాను. దిద్ది పోస్టులో పంపనక్కర్లేదు. నేను బతికుండగానే వచ్చి చదివినా అభ్యంతరం లేదు. మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాను.

తేదీ: 9 జూలై 2024
(సంతకం) అచ్చుతప్పుల అత్తయ్య

సాక్షులు:
పక్క వాటా నర్సు
కింది అంతస్తు దర్జీ