వేణి ఓవెన్, నా పిండి గిన్నె

అక్కకు హోసూరు నుంచి నీ చెల్లెలు గౌరి దండాలు.

నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. గదిలో నా పక్క చాప వేణిది, ఇది ఆమె వినకూడని సంగతి.

వేణి మూడు నెలల కింద మా క్యాంటీన్‌లో చేరిన డెంకణికోట అమ్మాయి. రెండేళ్ళుగా ఇడ్లీ పని నాది. కొత్త ఓవెన్ వస్తే నాకే ఇస్తారనుకున్నాను. ఓనరు ఆమెకిచ్చాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళందరికీ వేణి బన్నులే కావాలి. నా ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుని పోతారు. నాకు కుళ్ళుగా ఉందక్కా, నీ దగ్గర దాచడమెందుకు. చిన్నప్పుడు అమ్మ అనేది కదా, "నీ కడుపుమంట మీద సంకటి ఉడికించొచ్చే" అని.

అంతలో ఆ ఓవెన్ మొరాయించింది. వేడి హద్దు మీరితే ముందు తానే కాలిపోయి కరెంటు ఆపేసే చిన్న ఫ్యూజు ఒకటి అందులో ఉంటుంది. మార్చిన రెండు రోజులకే అది మళ్ళీ కాలిపోయేది. మూడోసారి కాలినప్పుడు ఓనరు వేణిని నిలబెట్టి, "నీకు చేత కాలేదమ్మా. ఆదివారం ఊరికి పో" అన్నాడు. ఆమె ఏడ్చింది. నేను ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

మర్నాడు పొద్దున మెకానిక్కు వచ్చి అంతా విప్పి చూశాడు. "ఫ్యూజుది తప్పు లేదప్పా. ఎనక వేడి బయటికి పోయే సందు ఉంది చూడు, దాన్ని ఏందో మూసేస్తా ఉంది" అన్నాడు ఓనరుతో, మా ఇద్దరి ముందే.

అదేమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఇక్కడి చలికి పిండి పులవదు. అందుకని రోజూ సాయంత్రం, వేణి బన్నులు కాల్చే వేళకు, పిండి గిన్నెకు దుప్పటి చుట్టి ఓవెన్ మీద వెనకగా, ఆ సందు ఉన్న చోటే పెట్టేదాన్ని. తెల్లారి మెకానిక్కు వచ్చేసరికి గిన్నె పొయ్యి దగ్గరికి చేరేది. మెకానిక్కు మాట విన్నాక కూడా నోరు విప్పలేదు.

సాయంత్రం చూస్తే నా గిన్నె ఓవెన్ పక్కన స్టూలు మీద ఉంది. దుప్పటి నాకంటే నీటుగా చుట్టి ఉంది.

"ఈడ పెట్టినానక్కా. ఈడ కూడా వెచ్చగానే ఉంటుంది" అంది వేణి.

"ఓనరుకు చెప్పలేదా?"

"ఏం చెప్పేది? నువ్వు తెలిసి పెట్టినావా ఏం."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తెలిసుంటే పెట్టేదాన్నేనేమో అక్కా. పొద్దున్నే ఓనరు దగ్గరికి పోయి, గిన్నె నాదని, వేణి తెలిసీ నా పేరు చెప్పలేదని చెప్పేశాను. తిట్టాడు, పడ్డాను. వేణి ఊరికి పోలేదు, ఓవెన్ ఆమెదే. ఇప్పుడందరూ ఆమె మంచితనం గురించే మాట్లాడుతున్నారు. నాకు దాని మీద కూడా కుళ్ళే.

రాయకోట నుంచి ఎవరైనా వస్తుంటే అమ్మ పాత గొంగళి పంపు, గిన్నెకు చుట్టాలి. బావకు, పెద్దవాళ్ళందరికీ నా దండాలు. నా బదులు నువ్వే అమ్మ కాళ్ళకు మొక్కి, దీవించమని అడుగు. గౌరి కడుపుమంట మీద సంకటి ఉడకలేదు గానీ, మూడు ఫ్యూజులు కాలిపోయినాయని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు
గౌరి