చెయ్యెత్తిన అమ్మాయి

ప్రిన్సిపాల్ గారికి,

కొత్త వాలీబాల్ కోర్టుకు నా పేరు పెడతామన్న మీ ఉత్తరం చేరింది. ఇరవై ఏళ్ళు చిరిగిన నెట్టుకు నాచేతే కుట్లు వేయించిన కాలేజీకి ఇన్నాళ్ళకు గుర్తొచ్చాను, సంతోషం. కానీ వద్దు.

మీరు గొప్పగా రాసిన ఆ మొదటి కప్పు మాది కాదు. ఫైనల్లో చివరి బంతి మా కెప్టెన్ వేళ్ళకు తగిలాకే బయట పడింది. అది అవతలివాళ్ళ పాయింటు. రెఫరీ చూడక మాకిచ్చాడు. తగిలిందని ఒప్పుకోవడానికి ఆ అమ్మాయి చెయ్యెత్తింది.

"దించవే చెయ్యి!" అని అరిచాను. దించింది.

మర్నాడు ఉతికి మడతపెట్టిన జెర్సీ నా బల్ల మీద పెట్టి, "తగిలితే చెయ్యెత్తాలని మీరే కదా సార్ నేర్పారు," అంది. మళ్ళీ ఆడలేదు.

కోర్టుకు ఆమె పేరు పెట్టండి. ఎందుకని అడిగినవాళ్ళకు ఈ ఉత్తరం చదివి వినిపించండి.

మీ పాత కోచ్