గ్రేసి ఒక్కపొద్దు

రిఫా,
బహ్రెయిన్.

అక్కకి, నీ చెల్లెలు సరోజ నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బావగారూ ఎలా ఉన్నారు? మీ అత్తగారి మోకాలినొప్పి తగ్గిందా? నా బిడ్డ హిమ వేళకి తింటోందా, ఇంకా నిద్రలో దుప్పటి తన్నేస్తోందా? ఫోన్ చేసినప్పుడు ఇవన్నీ అడగాలనే అనుకుంటాను. కార్డు అయిపోతుందేమోనన్న కంగారులో "బాగున్నారా, బాగున్నాను" తప్ప ఇంకో మాట రాదు. అందుకే ఇవాళ శుక్రవారం సెలవు కదాని తీరిగ్గా రాయడానికి కూర్చున్నాను.

ఎండలు కాస్త తగ్గాయి. తెల్లారి కిటికీ తీస్తే ఇప్పుడు వేడిగాలి మొహాన కొట్టడం లేదు. నాతో ఫ్లాట్లో ఉండే మలయాళీ టీచర్లిద్దరూ మంచివాళ్ళే. కూరల్లో కొబ్బరి ఎక్కువ వేస్తారు, అంతకు మించి బాధ లేదు. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చింతకాయ పచ్చడి పంపు. తిండికేం లోటు లేదు, నువ్వు దిగులు పెట్టుకోకు. ఊరికే నాలుక్కి ఇల్లు గుర్తొస్తుంది, అంతే.

స్కూల్లో నాకు సోషల్‌తో పాటు ఏడు, ఎనిమిది తరగతులకి నీతి పాఠాల పీరియడ్ కూడా ఇచ్చారని చెప్పాను కదా. ఆ గంటకి ముస్లిం పిల్లలు బషీర్‌గారి గదికి వెళ్ళి వాళ్ళ మతం పాఠం చదువుకుంటారు. మిగిలినవాళ్ళు, హిందువులూ క్రైస్తవులూ ఇద్దరు సిక్కు పిల్లలూ, నా దగ్గర ఉంటారు. బషీర్‌గారిది కరీంనగర్ పక్క పల్లె. స్టాఫ్‌రూములో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కడే. మొదట్లో ఆ పీరియడంటే నాకు చులకనే. నిజం చెప్పాలి, పెద్దల మాట వినాలి అని చెబితే సరిపోతుందనుకున్నాను. పదమూడేళ్ళ పిల్లలు అలా ఊరుకోరే అక్కా! ఎందుకు వినాలి, పెద్దలు తప్పు చేస్తే కూడా వినాలా అని అడుగుతారు. వాళ్ళు అడుగుతున్నప్పుడు మన హిమ కూడా ఇలాగే అడుగుతోందా, ఎవరిని అడుగుతోంది అనిపించి మాట తడబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. రంజాన్ మొదలైన వారానికి, ఎనిమిదో తరగతిలో గ్రేసి అనే అమ్మాయి లేచి నిలబడింది. వాళ్ళది భీమవరం. దాని ప్రాణస్నేహితురాలు హఫ్సా, నిజామాబాదు వాళ్ళ పిల్ల. ఒకే బెంచీ, ఒకే బస్సు. ఈ నెలలో ఉపవాసం లేని పిల్లలు తినడానికి స్కూల్లో ఓ గది ఇస్తారు. గ్రేసి అక్కడికి వెళ్ళి డబ్బా మూతైనా తీయకుండా తిరిగి వచ్చేస్తోందట.

"మిస్, హఫ్సా ఆకలితో కూర్చుంటే నేను తిని రావడం తప్పా?" అంది.

తప్పు కాదని చెప్పి ఊరుకుని ఉంటే అయిపోయేది. కానీ పిల్లలంతా ఒక్కసారిగా అందుకున్నారు. ఒకడు వాళ్ళ నాయనమ్మ శనివారం ఒంటిపూట ఉంటుందనీ, ఆ రోజు ఉప్పుపిండి మూడు పళ్ళాలు తింటుందనీ చెప్పి నవ్వించాడు. ఇంకో పిల్ల ఈస్టరుకి ముందు తన తల్లి చేసే ఉపవాసం గురించి చెప్పింది. దేవుడి కోసం ఆకలిగా ఉండటం, స్నేహితురాలి కోసం ఉండటం ఒకటేనా కాదా అని గంట కొట్టేదాకా వాదించుకున్నారు. నాకెంత సంతోషం వేసిందో! చివర్లో మాత్రం, "ఎవరైనా ఉపవాసం ఉండి చూడాలనుకుంటే ముందు ఇంట్లో అడగండి" అని గట్టిగానే చెప్పాను.

రెండ్రోజులకి గ్రేసి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. తెల్లారినప్పటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదట. దెబ్బేమీ తగల్లేదు, నర్సు గ్లూకోజు నీళ్ళు పట్టించింది. కబురందుకుని వాళ్ళ నాన్న అస్కర్ అనే ఊరి నుంచి డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. అక్కడ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేయించే సూపర్‌వైజర్ ఆయన. ప్రిన్సిపల్‌గారు నన్ను పిలిపించారు. ఏడుస్తున్న హఫ్సాని వెంటబెట్టుకుని బషీర్‌గారు కూడా వచ్చారు.

"ఏవో నాలుగు మంచిమాటలు చెబుతారనుకుంటే, పిల్లకి రోజా ఉపవాసాలు నేర్పుతున్నారా మేడమ్? మాకు మాత్రం దేవుడు లేడా?" అన్నాడు గ్రేసి నాన్న. ప్రిన్సిపల్‌గారికి తెలుగు రాదు, మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నారు. గ్రేసి నాన్న ఆ మాటే కాగితం మీద రాసిస్తే నా ఉద్యోగం, దాంతో పాటు వీసా పోతాయని నాకు తెలుసు.

"ఉండమనలేదండీ. ఇంట్లో అడగమన్నాను," అన్నాను.

"మరి నన్నెప్పుడడిగింది?"

బషీర్‌గారు అందుకున్నారు. "అన్నా, గుస్స కాకుండ్రి. చిన్నపిల్లలకు, పానం బాగలేనోళ్ళకు ఒక్కపొద్దు లేదని నేనే చెప్తా. మీ బిడ్డ మతం మారలే. దోస్తు ఆకలి సూడలేక ఉన్నది, గంతే."

అప్పటిదాకా తల వంచుకున్న గ్రేసి నోరు విప్పింది.

"ఎవర్ని అడగను డాడీ? నేను లేచేసరికి నువ్వు బస్సెక్కి వెళ్ళిపోతావు. అమ్మకి ఫోన్ చేస్తే తమ్ముడి ఏడుపే వినిపిస్తుంది. నా మాట ఎవరికీ వినబడదు."

వాళ్ళమ్మ పురిటికి భీమవరం వెళ్ళి ఇంకా తిరిగి రాలేదట. ఆ తండ్రి కుర్చీలో కూలబడి చేతిలో టోపీని నలిపాడు. "నేనొచ్చేదాకా ఒక్కతే ఉంటుందండీ. తలుపు వేసుకోమని చెబుతాను. ఏం తింటుందో, ఏం చేస్తుందో నాకు తెలీదు," అన్నాడు, ఎవరికో తెలియనివాళ్ళకి చెబుతున్నట్టు. కాగితం సంగతి ఎత్తలేదు. నాకు భయం తీరింది కానీ, అక్కా, ఆ పిల్ల మాట మాత్రం నాలో దిగబడిపోయింది. హిమ అన్నట్టే వినిపించింది.

ఆ మర్నాటి నుంచి స్కూలవగానే గ్రేసి నాతో మా ఫ్లాటుకే వస్తోంది. నేనే అడిగాను, వాళ్ళ నాన్న కాదనలేదు. నేను వండిన పప్పుచారు పోసుకుని తింటుంది, లెక్కలు చేసుకుంటుంది. మొన్న జడ ఊడిపోతే వేశాను. ఎన్నాళ్ళయిందో నా చేతులు ఆ పని చేసి! మూడు పాయలు తీసి అల్లుతుంటే వేళ్ళు వాటంతటవే పోతున్నాయి. కళ్ళు మసకబారాయి.

"మీ అమ్మాయికి జడ ఎవరు వేస్తారు మిస్?" అంది అటు తిరిగే.

"వాళ్ళ పెద్దమ్మ."

"తను అడిగిందా మిస్, మీరు వెళ్ళొద్దని?"

నేను రిబ్బను ముడి వేశాను. హిమ అడగలేదు కదా అక్కా. మా ఆయన పోయాక ఈ ఉద్యోగం వస్తే మనిద్దరం వంటింట్లో కూర్చుని అన్నీ మాట్లాడుకున్నాం. వెళ్ళడం తప్పదనుకున్నాం, నిజంగానే తప్పలేదు. హిమ పక్క గదిలోనే ఉంది. దాన్ని పిలిచి నీకెలా ఉంది అని అడగాలని మనకి తోచలేదు.

మొన్న ప్రిన్సిపల్‌గారు పిలిచి, ఇంకో రెండేళ్ళు ఉంటారా, మీ పీరియడ్ పిల్లలకి నచ్చుతోంది అన్నారు. అంత గొడవయ్యాక ఆ మాట అన్నందుకు సంతోషపడ్డాను. కానీ సంతకం పెట్టలేదు, కొంచెం గడువు అడిగాను. నా వీసా మీద హిమని తెచ్చుకోవడం కుదురుతుందా అని మళ్ళీ కనుక్కుంటే, కుదరదనే చెప్పారు.

దాని ఎత్తు ఒక దారంతో కొలిచి, ఆ దారం జవాబు కవర్లో పెట్టి పంపు. ఇక్కడ మంచి బట్ట దొరికింది, లంగా కుట్టిస్తాను. గోరింటాకు పెట్టుకుంటానంటే పెట్టుకోనియ్యి, బడిలో ఏమన్నా అననీ.

బావగారికి నమస్కారాలు. మీ అత్తగారి కాళ్ళకి దండం పెట్టానని చెప్పు. పెద్దవాళ్ళంతా నన్నూ నా బిడ్డనీ దీవించమని అడుగుతున్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, ఆరోగ్యం బాగానే ఉంది.

అక్కా, ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరం హిమకి చదివి వినిపించకు, దాని చేతికే ఇచ్చెయ్యి. అది చదువుతున్నంతసేపూ నువ్వు పక్కన ఉండకు. అమ్మ కోసమనో నీ కోసమనో ఏదో ఒకటి చెప్పాలని చూస్తుంది, మంచి పిల్ల కదా. అలా చెప్పొద్దను. ఇక్కడే ఉండమన్నా నేను ఏడవననీ, వచ్చెయ్యమన్నా కోప్పడననీ చెప్పు. దానికి ఏమనిపిస్తే అదే, దాని చేత్తో రాసి పంపమను. ఆ జవాబు వచ్చాకే ప్రిన్సిపల్‌గారి గదికి వెళతాను.

మీ అందరి తలపుల్లోనే ఉండే
సరోజ